నాలుగోది పొడుగెక్కువ

ఆదోని మార్కెట్ యార్డు రెండో గేటు కాడ
నా సౌండ్ సర్వీస్ అంగడిలో
పొద్దున పదిన్నరకు పెట్టినా ఆ పాటలు.
పాటలంటే పాటలు కావు, మాట ఒక్కటీ లేదు.
తొమ్మిది ముక్కలు. ఒక గిటారు. ఒక మనిషి.

నలబై ఏండ్లు బెంగుళూరులో
వేరేవాళ్ల గొంతుల వెనకాల నిలబడి వాయించినోడు,
పోస్టర్ల మీద ఎడమ పక్క సగం తెగిపోయే మొగం,
మా వీధి పకీరప్ప,
అరవై ఏడో ఏట సొంతంగా ఒకటి చేసి
పెన్‌డ్రైవ్‌లో ఏసుకొచ్చి నా చేతిలో పెట్టినాడు.
"ఊరికి వినిపీ. ఏమంటారో చెప్పు.
నా మొగం చూసి మాత్రం చెప్పొద్దు."
బీడీ కూడా అడక్కుండా పాయ.

ఊరు వినింది.

హమాలీ ఉరుకుందు బోరెం దించి
రెండో ముక్క సగం విని
"ఎవురో తలుపు తీయమంటాండారు బ్బా,
తీసేవోడు లేడు" అని
మళ్లా బోరెం ఎత్తుకునె.

పాలిటెక్నిక్ పిల్లోడు ఇర్ఫాన్ పెదివి విరిచినాడు.
"పాత వీడియోల్లో ఈయన వేళ్లు కనపడేటివి కావన్నా, అంత స్పీడు.
ఇప్పుడు లెక్కపెట్టొచ్చు."
పెట్టినాడు కూడా. ఆరో ముక్కలో
పది సెకన్లకు పదకొండు దెబ్బలంట.
పదకొండు చాలవా అంటే
కాసేపు నా పక్క చూసి
ఆ ఆరోదే మళ్లా పెట్టమన్యాడు.

సంగీతం టీచరు వెంకోబాచారి
గొడుగు మడవకుండానే బయట నిలబడి
"కల్యాణి లోపలికి వస్తుందనుకున్నా,
గడప దాకా వచ్చి చెప్పులేసుకుని వెళ్లిపోయింది.
మర్యాద తెలియని వాయిద్యం" అన్నాడు.
అయితే పోలేదు.
ఎండ గొడుగు మీద నుంచి భుజం మీదికి జారేదాకా
అట్లనే ఉండె.

ఉగ్గాని బండి నాగవేణికి ఒకటే అనుమానం:
"దీనికి డాన్సు ఎట్ల ఏస్తారు?"

డ్రమ్స్ వాయించే డేవిడ్ రత్నం ఫోన్లోనే విని
"నన్ను పిలిచుండల్ల" అన్యాడు. ఇంకేమన్లే.
అది అభిప్రాయమో అలకో,
నోటుబుక్కులో ఏ పక్క రాయల్లో తెలీక
ఆ గీత ఖాళీగా వదిలేసినా.

మధ్యాన్నం కరెంటు పాయ. ఇన్వర్టర్ మీద ఏడో ముక్క.
మోకాళ్లు పట్టుకోని మెట్టెక్కింది మస్తానమ్మ, పకీరప్ప అక్క,
గిటారంటే ఏందని ఎప్పుడూ అడగని మనిషి.
లావు తీగ ఒకటే దెబ్బ. ఆగి,
ఇంకొకటి.
"మా నాయనది గదా ఇది" అన్యది.
"దూదేకే వింటి నరం. ఎండిన దూదైతే వేరే.
తడి దూదైతే ఇట్లనే మూలుగుతాది.
ఇది వానాకాలం పరుపు."
అయిపోకముందే లేచి పాయ,
రేషను ఇస్తాండారని.

రాత్రి షట్టరు సగం దించి నేనూ విన్యా,
యాంప్లిఫయర్ మీద వాలిన పత్తి పీచు తుడ్చకుండా.
ఏమనుకోవల్లో తెలీలే.
తొమ్మిదోదాని చివర ఒక కుర్చీ కిర్రుమంటాది,
ఎవురో లేచినట్ల. తీసేయొచ్చు, తీసేయలే.
అది బాగుంది నాకు. గిటారు కన్నా ఒక చుక్క ఎక్కువే.
నాలుగోది మాత్రం,
అయిపాయ అనుకున్న చోటల్లా మళ్లా మొదలయితాది
బస్సు కాడ బంధువుల సెలవు మాదిరి.

తెల్లారి వచ్చినాడు.
పేర్లు చెప్పకుండా నోటుబుక్కు చదివినా.
అక్క మాట మాత్రం చదవలే, అది ఆమె చెప్పల్ల.
"నీదో?" అన్యాడు.
మొగం చూడకుండా
ప్లగ్గు స్క్రూ బిగిస్తా చెప్పినా:
"నాలుగోది పొడుగెక్కువ ప్పా."

ఇన్నేండ్లకు
తన పేరు మీద వచ్చిన ఒక తప్పును
అరచేతిలో పెట్టుకోని బరువు చూసినట్ల
కాసేపు ఊరికే ఉండె.
"ఔ" అన్యాడు, "నాదే గదా."

ఆ తర్వాత బీడీ అడిగినాడు.